రాణమ్మ ఎక్కితే ఆగే బండి

కృపారాణి పుట్టిల్లు కొడంగల్. తండ్రి ఎల్లప్ప అక్కడ బస్టాండు వెనక సందులో బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. ఎండలు ముదిరి కరెంటు నిలకడ తప్పే రోజుల్లో చుట్టుపక్కల రైతులు కాలిపోయిన మోటార్లను ట్రాలీల్లో వేసుకొని తెచ్చి ఆయన గడప ముందు బారులు తీరేవాళ్ళు. రాగి తీగ చుట్టేటప్పుడు చుట్లు లెక్కపెట్టడానికి ఆయనకు పక్కన ఒక మనిషి కావాలి. సాయంత్రం బడి వదిలాక ఆ పని కృపారాణిది. ఒక్క చుట్టు తప్పినా ఎల్లప్ప తిట్టేవాడు కాదు. చుట్టిందంతా నింపాదిగా విప్పి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు. దాంతో ఆ పిల్లకు లెక్క తప్పడమంటే దెబ్బలకన్నా ఎక్కువ భయం పట్టుకుంది.

ఆయన దగ్గర చెక్కకు బిగించిన ఒక బల్బు ఉండేది, రెండు తీగలు వేలాడుతూ. మోటారు ఎంత పెద్ద రైతుదైనా సరే, ముందు ఆ బల్బు ఏం చెపుతుందో చూడాల్సిందే.

"కరెంటు కంటికి కనపడది బిడ్డా," అనేవాడు ఎల్లప్ప. "కనపడనిదాన్ని బల్బుతోని మాట్లాడియ్యాలె. అది చెప్పినంకనే మనం నోరు తెరవాలె."

ఇరవయ్యో ఏట ఆమెకు పెళ్ళయింది. తాండూరుకు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న ఊరు అత్తగారిది. భర్త శ్రీను తాండూరులో బండల పాలిష్ మిషన్ మీద పనిచేస్తాడు. నాలుగేళ్ళకు ఆమె కూడా తాండూరులోనే ఒక కందిపప్పు మిల్లులో చేరింది. పొద్దున ఇద్దరూ ఒకే బండి మీద పోవడం, సాయంత్రం అదే బండి మీద తిరిగి రావడం. పదహారేళ్ళ సంసారంలో వాళ్ళు మనసు విప్పి మాట్లాడుకున్న మాటల్లో సగానికి పైగా ఆ బండి మీద మాట్లాడుకున్నవే. ఇంట్లో అత్త మొగులమ్మ ఉంటుంది, పదేళ్ళ కూతురు నిరోషా ఉంటుంది, ఎవరూ లేకపోతే టీవీ ఉంటుంది. బండి మీద మాత్రం ఇద్దరే. తీగలూ బల్బులూ అన్న మాట కృపారాణి ఎప్పుడో మరిచిపోయింది. మిక్సీ ప్లగ్గు మార్చడం, ఫ్యాను తిరగకపోతే కెపాసిటర్ మార్చడం లాంటివి చేసేది గానీ, అదొక విద్య అని ఆమే అనుకోలేదు, ఇంట్లోవాళ్ళు మాత్రం ఎందుకనుకుంటారు?

ఆ బండి సీటు చిరిగి, వానొస్తే స్పాంజి నీళ్ళు పీల్చి, ఎక్కినవాళ్ళ బట్టలు తడిపేది. నవంబర్లో శ్రీను చిన్నాయన కూతురి పెళ్ళి వికారాబాద్ చర్చిలో కుదిరింది. పెళ్ళికి బండి ముచ్చటగా కనపడాలని శ్రీను సీటుకు కొత్త స్పాంజి, ఎర్ర అంచున్న నల్ల కవరు వేయించుకొచ్చాడు. కృపారాణి దాన్ని చేత్తో నొక్కి చూసి, మెత్తగా ఉందని మురిసిపోయింది.

పెళ్ళికి ఆడవాళ్ళు, పిల్లలు అందరూ రైల్లో పోయారు. శ్రీను ఒక్కడే బండి మీద వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు మొగులమ్మ, నిరోషా రైలెక్కితే, మొగుడూ పెళ్ళాం బండి మీద బయల్దేరారు. అనంతగిరి గుట్టల మలుపులు దాటాక ఒక గుంతలో బండి ఎగిరిపడింది. ఇంజను టక్కున ఆగిపోయింది. హారన్ లేదు, ఇండికేటర్ లేదు, తాళం తిప్పితే మీటరు మీద చిన్న లైటు కూడా వెలగలేదు. శ్రీను పక్క మూత తీసి చూస్తే ఫ్యూజు పోయింది. దాని పక్కనే అవసరానికని ఇంకో ఫ్యూజు ఉంటే అది వేశాడు. పావు కిలోమీటరు పోయారో లేదో మళ్ళీ గుంత, మళ్ళీ ఫ్యూజు. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకొని ఆమె, బండి నెట్టుకుంటూ ఆయన, ఒక పంచరు దుకాణం దాకా నడిచారు. అక్కడ రెండు ఫ్యూజులు దొరికాయి. అంతలో తాండూరు బస్సు కనపడింది. దారిలో మళ్ళీ ఆగితే ఆమెను నడిపించడం ఎందుకని శ్రీను ఆమెను బస్సెక్కించి, తానొక్కడే బండి మీద వచ్చాడు.

బండి ఇక ఎక్కడా ఆగలేదు. గుంతల్లో దూకించినా ఆగలేదు.

"నువ్వు దిగినంక గుర్రం లెక్క ఉరికింది," అన్నాడు ఇంటికొచ్చి. నవ్వుకే అన్నాడు. మొగులమ్మ మాత్రం ఆ మాట మనసులో పెట్టుకుంది.

తర్వాతి రెండు వారాల్లో బండి ఐదుసార్లు ఆగింది. ఐదుసార్లూ కృపారాణి వెనక కూర్చున్నప్పుడే. నిరోషాను బడి దగ్గర దింపివస్తే ఏమీ కాదు. కందిపప్పు సంచిని ముందు ట్యాంకు మీద పెట్టుకొని వస్తే ఏమీ కాదు. ఆమె ఎక్కి, రోడ్డు మీద ఒక గుంత తగిలిందా, ఫ్యూజు పోయిందన్నమాటే. తాండూరు రైల్వే గేటు దగ్గర యాదగిరి అనే మెకానిక్ ఉన్నాడు. పని తెలిసినవాడు, మాట మంచివాడు. బండిని రెండు రోజులు పెట్టుకొని బ్యాటరీ కొసలు గీకి, పాత హారన్ తీసి కొత్తది వేసి, ఊరంతా ఒక చుట్టు తిప్పి చూసి, బండికి ఏ రోగమూ లేదని చెప్పి పంపాడు. మర్నాడు పొద్దున మిల్లు దారిలో అది మళ్ళీ ఆగింది.

ఇక ఊళ్ళో నోళ్ళు ఊరుకుంటాయా? రాణమ్మ ఎక్కితే బండి ఆగుతుందనే మాట చాయ్ హోటల్లో పుట్టి, నల్లా దగ్గరికి చేరి, అక్కడి నుంచి తాండూరు మిల్లు దాకా పోయింది. ఆమె లావు పెరిగిందని కొందరు, బండికి ఆమె మీద అలక అని కొందరు. మొగులమ్మకు మాత్రం ఇందులో ఏదో కన్ను పడిందని గట్టి నమ్మకం. పాస్టరమ్మ రెబెక్కను అడిగి, ప్రార్థన చేసిన నూనె చిన్న సీసాలో తెచ్చి హెడ్‌లైటు మీద మూడు చుక్కలు రాసింది. మర్నాడు మూలమలుపు గుంతలో ఫ్యూజు పోయింది. చుక్కలు చాలలేదేమోనని ఆమె సీసా మొత్తం వెనక సీటుకు రాసింది. ఈసారి ఫ్యూజుతో పాటు కృపారాణి చీర కూడా పోయింది.

కృపారాణి అందరితో పాటు నవ్వేది. నవ్వకపోతే ఇంకా ఎక్కువ అంటారని ఆమెకు తెలుసు. అయితే ఒకరోజు మిల్లు గేటు దగ్గర, కొత్తగా చేరిన ఒకామె అందరి ముందూ "ఇయ్యాల ఎన్ని ఫ్యూజులు తిన్నవక్కా?" అని అడిగింది. అందరూ నవ్వారు. కృపారాణీ నవ్వింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి సగం అన్నం పక్కకు తీసి మూత పెట్టేసింది. ఆ సాయంత్రమే శ్రీనుతో, రేపటి నుంచి ఆటోలో పోతానని చెప్పింది. నీకెందుకు పరేషాని అంది. శ్రీను వద్దనలేదు. వద్దనాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

ఆటోలో పదకొండు మంది. అరగంట ముందే బయల్దేరాలి. ఎవరి మోచేయి ఎవరి పక్కటెముకల్లో ఉందో తెలియదు, ఇక మాటలెక్కడ? వారం తిరిగేసరికి నిరోషా టీచరు ఇద్దరినీ ఒకసారి రమ్మందన్న సంగతి శ్రీనుకు పక్కింటివాళ్ళు చెపితే తెలిసింది. ఆమె చెప్పకూడదని కాదు. చెప్పుకునే చోటు లేకుండా పోయింది.

ఆ శనివారం సాయంత్రం శ్రీను హుషారుగా ఇంటికొచ్చాడు. పాలిష్ యూనిట్లో ఎవరో ఉపాయం చెప్పారట. సిగరెట్ డబ్బాలో ఉండే వెండి కాగితాన్ని మడిచి ఫ్యూజు ఉండే చోట దూర్చాడట. ఇక అది జన్మలో పోదని, రేపటి నుంచి ధైర్యంగా బండెక్కమని భార్యతో చెప్పాడు.

కృపారాణి కూర గరిటె పక్కన పెట్టి బయటికి వచ్చింది. పక్క మూత తీసింది. లోపల వెండి కాగితం మిలమిల మెరుస్తోంది. దాన్ని రెండు వేళ్ళతో లాగి బయట పడేసింది.

"ఫ్యూజు రోగం కాదయ్యా, కావలి కుక్క. మొరుగుతున్నదని కుక్కను చంపినవ్. దొంగ లోపల్నే ఉన్నడు."

శ్రీను ఏదో చెప్పబోయాడు. ఆమె చెప్పనియ్యలేదు.

"వైర్లు అంటుకుంటే బండి ఒక్కటే కాలదు, మీద కూసున్నోళ్ళు గూడ కాల్తరు. రేపు మందిరం నుంచి వచ్చినంక బండి నాకియ్యి. నేను సూస్త. నడుమల మాట్లాడొద్దు."

పదహారేళ్ళలో ఆమె గొంతు అలా ఎప్పుడూ వినలేదు శ్రీను. తాళం చెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం బండిని వసారాలోకి ఎక్కించి పెద్ద స్టాండు వేశారు. వసారా అంతా పాలిష్ చేసిన తాండూరు బండలే. చిన్న నట్టు పడినా మెరుస్తూ కనపడుతుంది. కృపారాణి చీర కొంగు బిగించి, పీట వేసుకొని కూర్చుంది. ఎప్పుడో తీసేసిన పాత హెడ్‌లైటు బల్బు ఒకటి అటక మీది డబ్బాలో ఉంది. దాని లోపల వెలిగే రెండు సన్న తీగల్లో ఒకటి కాలిపోయినా రెండోది బాగుంది. దానికి రెండు వైరు ముక్కలు మెలేసి టేపు చుట్టింది. ఎల్లప్ప చేసేది ఇంటి కరెంటుతో, ఇది బ్యాటరీ కరెంటుతో. లెక్క మాత్రం ఒక్కటే అనిపించింది ఆమెకు. ఫ్యూజు తీసేసి, ఆ చోట బల్బు రెండు కొసలు కలపాలి. లోపల అంతా సరిగా ఉంటే బల్బు వెలగదు, వెలిగినా గుడ్డిగా వెలుగుతుంది. ఎక్కడైనా తీగ బట్టలు విప్పుకొని ఇనుముకు తగిలిందా, నిండుగా వెలుగుతుంది. ఫ్యూజు ఒక్కసారే చెప్పి చచ్చిపోతుంది. బల్బైతే ఎన్నిసార్లు అడిగినా చెపుతుంది.

శ్రీను పక్కన నిలబడ్డాడు, మాట ప్రకారం నోరు మూసుకొని. మొగులమ్మ ఉడకబెట్టిన కందికాయల గిన్నె ఒళ్ళో పెట్టుకొని గడప మీద కూర్చుంది. అటుగా పోయే నలుగురైదుగురు వచ్చి గోడకు చేరగిలబడ్డారు. గిన్నె అందరి చేతుల్లోకీ తిరిగింది.

తాళం తిప్పింది. బల్బు వెలగలేదు. హారన్ నొక్కింది, కాస్త ఎర్రబడింది. బ్రేకు తొక్కించింది, ఇంకాస్త. ఇండికేటర్ వేస్తే అది కొట్టుకున్నప్పుడల్లా బల్బు కూడా కన్ను కొట్టింది. ఇవన్నీ ఉండాల్సినవే. హ్యాండిల్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పింది, అక్కడ తీగలు నలుగుతాయేమోనని. ఏమీ లేదు. కనపడ్డ తీగనల్లా పట్టి కదిలించింది. ఏమీ లేదు. గంట గడిచింది. గోడ దగ్గరివాళ్ళలో ఇద్దరు వెళ్ళిపోయారు. కందికాయలు అయిపోయాయి. యాదగిరి ఇంత చూసీ పట్టుకోలేనిది తనవల్ల అవుతుందా అనే అనుమానం ఆమెకు మొదటిసారి వచ్చింది.

చేతులు ఒళ్ళో పెట్టుకొని కాసేపు బండినే చూస్తూ కూర్చుంది. యాదగిరి చేసినవన్నీ చేసింది. ఇంకా చేయనిది ఏముంది? ఫ్యూజు పోయిన ప్రతిసారీ ఉన్నదీ, ఇప్పుడు లేనిదీ ఏమిటి?

ఆమెకు వెంటనే తట్టింది. తట్టాక లేవడానికి మనసొప్పలేదు. గోడ దగ్గర ఇంకా ముగ్గురున్నారు. వాళ్ళ ముందు అది కూడా అయిందంటే ఊరు ఇంకో నెల నవ్వుకుంటుంది. అయినా లెక్క తప్పనీయకూడదు కదా. లేచి, చీర సర్దుకొని, వెనక సీటు మీద కూర్చుంది.

బల్బు భగ్గున వెలిగింది.

గోడ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకొకరు అందుకున్నారు. శ్రీను నవ్వాలో వద్దో తెలియక గడ్డం గోక్కున్నాడు. కృపారాణి అలాగే కూర్చుని బల్బును చూస్తోంది. కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ వెలుతురుకో, ఇంకెందుకో ఆమెకే తెలియదు. దిగింది. బల్బు ఆరిపోయింది. మళ్ళీ ఎక్కింది. వెలిగింది. అప్పుడు ఆమె ముఖం మీదికి చిన్నగా నవ్వు వచ్చింది, వేట దొరికినవాడి నవ్వు.

"అత్తమ్మా, జర నువ్వొచ్చి కూసో."

మొగులమ్మ అదిరిపడింది. తనకు బండెక్కడం రాదంది, మోకాళ్ళ నొప్పులంది, ప్రార్థనకు పోవాలంది. కోడలు వచ్చి చేయి పట్టుకుంది. శ్రీను వెనక నుంచి ఎత్తి కూర్చోబెట్టాడు. మొగులమ్మ కొంగు నోట్లో పెట్టుకొని కళ్ళు గట్టిగా మూసుకుంది.

బల్బు అంతే నిండుగా వెలిగింది.

ఈసారి నవ్వు ఆగలేదు. వెళ్ళిపోయిన ఇద్దరూ ఆ నవ్వు విని తిరిగొచ్చారు. మొగులమ్మ ఒక కన్ను తెరిచి బల్బును చూసి, దించమని కొడుకు వీపు మీద గుద్దింది. తర్వాత శ్రీనును ముందు కూర్చోమంది కృపారాణి. బల్బు ఆరింది. వెనక్కి జరగమంది. వెలిగింది. నిరోషాను ఎక్కించింది. ఆరిపోయే ఉంది. బియ్యం బస్తా తెప్పించి వెనక పెట్టించింది. వెలిగింది.

"బండికి మనిషెవరో తెల్వదత్తమ్మా," అంది ఆమె, మొగులమ్మ వైపు తిరిగి. "బరువొక్కటే తెలుస్తది."

మొగులమ్మ ఖాళీ గిన్నె చేతిలోకి తీసుకుంది. "నా నోటికి తాళం లేదు బిడ్డా," అంది. కోడలిని ఆమె ఎప్పుడూ రాణీ అనే పిలిచేది. బిడ్డా అనడం అదే మొదలు.

మిగిలింది చిన్న పనే. బ్యాటరీ తీగ ఒకటి విప్పేసి, సీటు బోల్టులు తీసి, సీటును బోర్లా తిప్పారు. సీటు అడుగున రేకుకు వెనకవైపు రెండు రబ్బరు బిళ్ళలు ఉండాలి, రేకు కింది ఇనుముకు ఆనకుండా. ఒకటి ఉంది. రెండోది కవరు మార్చినప్పుడు ఎక్కడో పడిపోయింది. వెనక బరువు పడ్డప్పుడల్లా ఆ మూల రేకు కిందికి దిగి, దాని కింద పోయే వైర్ల కట్టను కొరుకుతోంది. ఎలుక పళ్ళు పడ్డట్టుగా ఒక వైరు తోలు లేచిపోయి, లోపల రాగి గోరంత మెరుస్తోంది. మొదట్లో గుంతలో ఎగిరితేనే ఆ గోరంత ఇనుముకు తగిలేది, కొరుకుడు ముదిరి ఇప్పుడు వెనక బరువు పడితే చాలు తగులుతోంది. యాదగిరి ఒక్కడే నడిపి చూశాడు కాబట్టి అది ఆయనకు దొరకలేదు.

తెగిన చోట టేపు చుట్టి, మీద రబ్బరు గొట్టం తొడిగి, వైర్ల కట్టను రేకు అందని చోటికి జరిపి కట్టింది. రబ్బరు బిళ్ళ కోసం శ్రీను తాండూరు పోతానన్నాడు. అంతదూరం ఎందుకని ఆమె తెగిపోయిన తన హవాయి చెప్పు మడమ కోసి, గుండ్రంగా చెక్కి, పోయిన బిళ్ళ చోట బిగించింది. సీటు వేసి కూర్చుంటే బల్బు వెలగలేదు. సీటు మీద ఎగిరెగిరి పడింది. వెలగలేదు. అప్పుడు బల్బు తీసి కొత్త ఫ్యూజు వేసి, ఇద్దరూ బండెక్కి ఊరి చివరి గుంతలన్నీ ఏరి ఏరి తొక్కి వచ్చారు. వచ్చేసరికి గంటన్నర అయింది. అంతసేపు ఏం చేశారని మొగులమ్మ అడిగితే, నిరోషా టీచరు ఏమందో మాట్లాడుకున్నాం అన్నాడు శ్రీను.

నాలుగు రోజుల తర్వాత యాదగిరి స్వయంగా వచ్చాడు. తన పేరు చెడగొట్టావని అంటాడేమోనని కృపారాణి జంకింది. ఆయన బల్బును చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, చాయ్ తాగి, "నా దుకాణంల ఎన్నడు ఎవ్వరు ఎనక కూసోలె అక్కా. అదే పరేషాన్," అన్నాడు. పోతూ పోతూ బల్బు ఎలా కలిపావో ఇంకోసారి చూపించమన్నాడు. ఆ తర్వాత నుంచి ఇంజను పని అయితే ఆమె ఆయన దగ్గరికి పంపుతుంది, అంతుచిక్కని కరెంటు పని అయితే ఆయన ఆమె దగ్గరికి పంపుతాడు.

అలా ఆదివారం మధ్యాహ్నాలు ఆమె వసారాలో బండ్లు ఆగడం మొదలైంది. ముందొచ్చింది పాస్టరమ్మ రెబెక్క స్కూటీ. వాన పడితే దాని హారన్ దానంతటదే మోగుతుంది. ఒకసారి ప్రార్థన మధ్యలో మోగి, పాస్టరు ఆమెన్ చెప్పేదాకా ఆగలేదట. హారన్ బటన్ విప్పి లోపల తుప్పు గీకి ఆరబెడితే కుదురుకుంది. ఊళ్ళో పెద్ద భూములున్న సుధాకర్ తన కొడుకు రిత్విక్ బండి తెచ్చాడు. రెండు రోజులు నిలబెడితే బ్యాటరీ అడుగంటుతుంది. సుధాకర్ మొదట గేటు దగ్గరే నిలబడ్డాడు. ఆ ఇంటి వసారా ఎక్కడం ఆయనకు అలవాటు లేదు. కృపారాణికి రెండు చేతులూ చాలక, తల ఎత్తకుండానే, "పటేలా, జర గీ వైరు పట్టుకోండ్రి," అంది. ఆయన చెప్పులు విడిచి, వచ్చి, బండల మీద గొంతుక్కూర్చుని, ముప్పావుగంట ఆ వైరు పట్టుకున్నాడు. ఫోను ఛార్జింగ్ కోసం రిత్విక్ నేరుగా బ్యాటరీకి కలిపిన సాకెట్‌లో వాన నీళ్ళు చేరి, బండి ఆగి ఉన్నా కరెంటు తాగేస్తోందని తేలింది. సుధాకర్ ఆ రోజు చాయ్ కూడా అక్కడే తాగాడు.

అన్నీ దొరకవు. మోమిన్‌పేట్ నుంచి వచ్చిన ఒక బండి రెండు ఆదివారాలు ఆమెను ఏడిపించింది. మూడో వారం, నాకు తెలుస్తలేదు, వేరేకాడ చూపించుకోండ్రి అని చెప్పి పంపించేసింది. ఆ రాత్రి అన్నం సహించలేదు గానీ, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పలేదన్న తృప్తి ఉంది.

మొన్న ఫిబ్రవరిలో దోమ అనే ఊరి నుంచి కాశమ్మ అని ఒకామె బస్సులు మారి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. చేతిలో గోనె సంచి. సంచి విప్పితే అందులో ఒక హారన్, ఒక ఇండికేటర్ ఉన్నాయి. ఆమె మోపెడ్ మీద హారన్ కొట్టుకుంటూ ఊళ్ళు తిరిగి ఆకుకూరలు అమ్ముతుంది. హారన్ కొడితే హారన్ మోగకుండా ఇండికేటర్ వెలుగుతోందట. ఆ రెండే చెడ్డాయి కదా అని ఆ రెండే విప్పించి తెచ్చింది. బస్సులో మోపెడ్ ఎక్కనియ్యరు కదా అంది.

కృపారాణి నవ్వు ఆపుకొని, రోగిని ఇంట్లో పండబెట్టి కన్నూ ముక్కూ డాక్టరు దగ్గరికి తెచ్చినట్టుంది పెద్దమ్మా అంది. ఆ రెంటినీ బ్యాటరీకి తగిలించి చూస్తే రెండూ దివ్యంగా ఉన్నాయి. అన్నం పెట్టి పంపి, వచ్చే ఆదివారం తామే వస్తామని చెప్పింది.

ఆ ఆదివారం ఆమె, శ్రీను దోమ వెళ్ళారు. కాశమ్మ ఇంటి ముందు మోపెడ్‌కు హారన్, ఇండికేటర్ బిగించి, హారన్ నొక్కి, బల్బు కొసలతో ఒక్కో చోటే తాకుతూ వచ్చింది. బ్యాటరీ దగ్గర అంతా బాగుంది. బండి చట్రానికి బ్యాటరీ తీగ బిగించిన బోల్టు దగ్గర మాత్రం బల్బు గుడ్డిగా వెలిగింది. తిరిగి పోయే దారి తుప్పుతో మూసుకుపోయి, హారన్ కరెంటు ఇండికేటర్ దారి పట్టి పోతోంది. బోల్టు విప్పి, ఇనుము తెల్లగా మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, గట్టిగా బిగించింది.

"ఇప్పుడు నొక్కు పెద్దమ్మా," అంది.

కాశమ్మ భయంభయంగా నొక్కింది. హారన్ వీధంతా వినపడేలా మోగింది. కాశమ్మ నమ్మలేక మరో రెండుసార్లు నొక్కింది. ఎదురింటి తలుపు తెరుచుకొని ఒకామె చేటతో బయటికి వచ్చి, పుంటికూర ఉందా అని అడిగింది.

ఈరోజు ఆదివారమని, కూర లేదని, బండి బాగైందని కాశమ్మ చెప్పింది. అయితే రేపు రెండు కట్టలు ఉంచమని చెప్పి ఎదురింటామె లోపలికి పోయింది. కృపారాణి పానాలు గుడ్డలో చుట్టి చేతులు కడుక్కోవడానికి లేచింది. కాశమ్మ ఇంకా బండి దగ్గరే నిలబడి, మోతగా కాకుండా మెల్లగా, చిన్న చిన్నగా హారన్ నొక్కుకుంటోంది.